ఎవరికి ఆర్డర్, ఎవరికి రిక్వెస్ట్: యూఎన్ మిషన్‌లో సైన్యం, పౌర విభాగాలు కలిసి పనిచేసే తీరు

2016 జూలై 11న దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో టెర్రెయిన్ అనే హోటల్ కాంపౌండ్ మీద ప్రభుత్వ సైనికులు పడ్డారు. అందులో ఉన్నవాళ్ళలో చాలామంది సహాయ సంస్థల సిబ్బంది. అక్కడికి కిలోమీటరు పైచిలుకు దూరంలోనే యూఎన్ హౌస్. ఆ బేస్‌లో చైనా, ఇథియోపియా, నేపాల్, భారత్ కంటింజెంట్లకు (ఒక్కో దేశం పంపిన దళం) చెందిన పదాతి సైనికులు 1,800 మందికి పైగా ఉన్నారు. లోపల చిక్కుకున్నవాళ్ళు సాయం కోసం కబురు మీద కబురు పంపారు. దళాలు పంపమని అడిగితే ప్రతి కంటింజెంట్ నుంచీ ఒకే జవాబు: మా మనుషులంతా డ్యూటీలో ఉన్నారు, పంపలేం. యూఎన్ నుంచి ఎవరూ వెళ్ళలేదు. యూఎన్ తరఫున మేజర్ జనరల్ పాట్రిక్ కామర్ట్ చేసిన విచారణలో ఆ నాలుగు కంటింజెంట్లకూ పలు ఆదేశాలు, కొన్నిసార్లు ఒకదానికొకటి పొసగనివి, వెళ్ళాయని తేలింది. మిషన్ దళాలన్నిటికీ అధిపతి అయిన ఫోర్స్ కమాండర్‌ను తప్పించారు. ఆయన సొంత దేశం కెన్యా కోపంతో తన దళాలను వెనక్కి రప్పించుకుంది.

అంతమంది ఉన్నా ఒక్క ప్లాటూన్ కూడా గేటు దాటలేదంటే, ఎవరి మాట ఎవరి మీద చెల్లుతుందో ఆ రోజుకు ముందే తేల్చుకోలేదని అర్థం. స్టాఫ్ ఆఫీసరుగానో, బెటాలియన్‌లో సీమిక్ ఆఫీసరుగానో (పౌర విభాగాలతో, ప్రజలతో సైన్యం తరఫున సమన్వయం చూసే అధికారి), యూఎన్ వాలంటీరుగానో మొదటిసారి మిషన్‌కి వెళ్ళేవాళ్ళు బ్యాగు సర్దుకునే ముందే ఈ లెక్క నేర్చుకోవాలి. కొందరికి ఆర్డర్ ఇవ్వొచ్చు. కొందరిని అడగాలి. కొందరిని నేరుగా అడగకూడదు కూడా.

మొదటి వారంలో చదవాల్సిన కాగితాలు

మ్యాండేట్ తీర్మానంతో, అంటే మిషన్‌కి ఏ పని, ఏ అధికారం ఇచ్చారో చెప్పే కాగితంతో మొదలుపెట్టండి. భద్రతా మండలి తీర్మానం చాలా పొడుగు. పీఠిక వదిలేసి అంకెలు వేసిన పేరాలకు వెళ్ళండి. అక్కడ ప్రతి పేరా మొదట్లో ఉన్న క్రియను గీత కొట్టుకోండి. ‘నిర్ణయిస్తోంది’, ‘అధికారం ఇస్తోంది’ అంటే మీకు పని పడినట్టు. ‘ప్రోత్సహిస్తోంది’, ‘కోరుతోంది’ అంటే ఆ పని చాలావరకు ఇంకెవరిదో. పౌరుల రక్షణ బాధ్యతను తొలిసారి మ్యాండేట్‌లో రాసింది 1999లో, సియెర్రా లియోన్ మిషన్ కోసం చేసిన 1270వ తీర్మానంలో. అప్పటి నుంచీ ఆ వాక్యం పక్కనే ‘తన సామర్థ్యం, మోహరింపు మేరకు’ అనే తోక ఒకటి వస్తోంది. ఏమీ చేయకపోవడానికి ఆ తోకను సాకుగా వాడుకున్నవాళ్ళు ఉన్నారు. ఎక్కడెక్కడ మోహరించాలో మీరే నిర్ణయిస్తారు కాబట్టి, ఆ సాకు విచారణ బోర్డు ముందు నిలబడదు.

తర్వాత చదవాల్సింది ఆతిథ్య దేశంతో యూఎన్ చేసుకున్న సోఫా ఒప్పందం. మిషన్ వాహనాలు దేశమంతటా స్వేచ్ఛగా తిరగొచ్చని అందులో ఉంటుంది. క్షేత్రంలో మాత్రం పెట్రోల్ (గస్తీ బృందం) బయల్దేరే ముందు స్థానిక సైన్యానికి సమాచారం ఇవ్వడం మొదలవుతుంది, కొన్నాళ్ళకి ఆ సమాచారం కాస్తా అర్జీ అయిపోతుంది, ‘పర్మిషన్ ఇంకా రాలేదు’ అంటూ కూర్చోవడం అలవాటవుతుంది. అది మొదలు కాకముందే ఆపాలి. మీరు పంపే కాగితంలో ‘సమాచారం నిమిత్తం’ అనే రాయండి, ‘అనుమతి కోరుతూ’ అన్న మాట ఎక్కడా రానివ్వకండి. చెక్‌పోస్టు దగ్గర ఆపితే టైము, గ్రిడ్ నంబరు (మ్యాపు మీద ఆ చోటు చెప్పే అంకె), ఆపిన యూనిట్, అక్కడున్న అధికారి హోదా, ఎంతసేపు నిలబెట్టారో, చివరికి వెనక్కి తిరిగారా ముందుకు వెళ్ళారా అన్నది రాసి అదే రోజు జేఓసీకి, అంటే మిషన్ ఉమ్మడి ఆపరేషన్ల కేంద్రానికి పంపండి. సోఫా ఉల్లంఘనలను ప్రధాన కార్యదర్శి భద్రతా మండలికి ఇచ్చే నివేదికల్లో పెడతారు. మీరు రాయకపోతే అక్కడ అంకె కనపడదు.

ఆర్‌ఓఈ, అంటే ఆయుధం ఎప్పుడు వాడొచ్చో చెప్పే నియమాలు. ఇది అధికారుల అల్మారాలో ఉంటే ఉపయోగం లేదు. జేబులో పట్టే కార్డు మీద, సిపాయి ఇంట్లో మాట్లాడే భాషలో ఉండాలి. 2016 ఫిబ్రవరిలో దక్షిణ సూడాన్‌లోని మలకాల్‌లో యూఎన్ రక్షణలో ఉన్న శిబిరం మీద దాడి జరిగింది. పౌరులు చనిపోయారు, శిబిరంలో చాలా భాగం కాలిపోయింది. కమాండ్ విషయంలోనూ, ఆర్‌ఓఈ విషయంలోనూ అయోమయం ఉందని యూఎన్ స్వయంగా ఒప్పుకుంది. కార్డు పంచి సంతకాలు తీసుకుంటే సరిపోదు. వారానికి ఒకసారి పదిహేను నిమిషాలు, సెంట్రీ పోస్టు దగ్గరే నిలబడి ప్రశ్నలు వేయండి: ‘కంచె కత్తిరిస్తున్నారు, చేతిలో తుపాకీ ఉంది, యూనిఫాం ప్రభుత్వ సైన్యానిది. ఏం చేస్తావు?’ చాలామంది ఆ మూడో ముక్క దగ్గరే తడబడతారు. ఆతిథ్య ప్రభుత్వ సైనికుడైనా సరే, పౌరుల మీద దాడి చేస్తుంటే రక్షణ మ్యాండేట్ వర్తిస్తుంది. ఈ జవాబు ముందే నోటికి రావాలి.

ఆర్డర్ ఎక్కడి దాకా వెళ్తుంది

కాగితం మీద వరస సూటిగానే ఉంటుంది. భద్రతా మండలి, ప్రధాన కార్యదర్శి, న్యూయార్క్‌లోని శాంతి కార్యకలాపాల విభాగం, మిషన్‌లో ప్రత్యేక ప్రతినిధి. ప్రత్యేక ప్రతినిధి సాధారణంగా సివిలియన్. ఫోర్స్ కమాండర్, పోలీస్ కమిషనర్ ఇద్దరూ ఆ ప్రతినిధి కిందే. లెబనాన్‌లోని యూనిఫిల్ మిషన్ లాంటి చోట్ల మాత్రం ఫోర్స్ కమాండరే మిషన్ అధిపతి కూడా. ఫోర్స్ కమాండర్ కింద సెక్టార్లు, సెక్టార్ల కింద బెటాలియన్లు. హెడ్‌క్వార్టర్స్‌లో శాఖలకు యూ అక్షరం, సెక్టార్‌లో జీ, బెటాలియన్‌లో ఎస్. యూ-3 ఆపరేషన్లు, యూ-4 లాజిస్టిక్స్, యూ-9 సీమిక్.

చిక్కు ఎక్కడంటే, దళం పంపిన దేశం ఫోర్స్ కమాండర్‌కు ఇచ్చేది ఆపరేషనల్ కంట్రోల్ మాత్రమే. ఎక్కడ ఉండాలో, ఏ పని చేయాలో ఆయన చెప్పొచ్చు. జీతం, ప్రమోషన్, శిక్ష, నేర విచారణ అన్నీ సొంత దేశం చేతిలోనే. కాబట్టి ప్రతి బెటాలియన్ కమాండర్‌కీ ఇద్దరు పెద్దలుంటారు, అందులో ఒకరు ఫోన్‌కి అందేంత దూరంలో రాజధానిలో ఉంటారు. ఆదేశం కాస్త ప్రమాదంగా కనిపిస్తే ఆ ఫోన్ మోగుతుంది. దీన్ని తిట్టుకుని లాభం లేదు. ముందే లెక్కలో వేసుకోవాలి.

ఎలాగంటే, దేశాలు తమ దళాల మీద పెట్టే షరతుల్ని (మిషన్ భాషలో కేవియట్లు) మొదటి పది రోజుల్లో పట్టిక వేయండి. ‘మీకేమైనా షరతులున్నాయా?’ అని అడిగితే అందరూ ‘లేవు’ అంటారు. అలా కాకుండా పని చెప్పి అడగాలి. ‘రాత్రి 2 గంటలకు మీ ప్లాటూన్‌ని 40 కిలోమీటర్ల అవతలికి పంపమంటే ఏమేం అడ్డొస్తాయి?’ అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది: రాత్రి కదలడానికి పైనుంచి మాట రావాలి, ఏపీసీ (సైనికుల్ని మోసే కవచ వాహనం) లేకుండా వెళ్ళం, హెలికాప్టర్ ఎగరని సమయంలో బేస్ దాటం, సొంత సెక్టార్ బయట పనిచేయం. నాలుగు గళ్ళు చాలు: ఏ యూనిట్, ఏ పని, ఏ షరతు, ఎవరు సడలించగలరు. పట్టిక కాపీ డ్యూటీ ఆఫీసర్ బల్ల మీద ఉండాలి. ఆ షరతుల్లో దేశం యూఎన్‌కి రాతపూర్వకంగా చెప్పనివి ఏమైనా ఉంటే, ఫోర్స్ కమాండర్‌కి చెప్పి న్యూయార్క్‌కి నివేదించేలా చూడండి.

ఇంకో తాళం చాలామందికి ఆలస్యంగా కనిపిస్తుంది. వాహనాలు, ఇంధనం, విమానాలు, హెలికాప్టర్లలో చాలా భాగం మిషన్ సపోర్ట్ అనే పౌర విభాగం చేతిలో ఉంటాయి. ఫోర్స్ కమాండర్ ‘కదలండి’ అన్నా, ఫ్లైట్ షెడ్యూల్ సంతకం చేసేది సివిలియన్ డైరెక్టర్ కింద ఉన్న విమాన విభాగం. మామూలు రోజుల్లో ఇది సర్దుకుపోతుంది. గాయపడినవాళ్ళను తరలించేటప్పుడు మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. యూఎన్ ప్రమాణం 10-1-2: పది నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలో ప్రాణం నిలబెట్టే ఉన్నత స్థాయి వైద్యం, రెండు గంటల్లో శస్త్రచికిత్స. ఐదు సంతకాలు పడేలోపు ఆ గంట గడిచిపోతుంది. కాబట్టి తరలింపు నిర్ణయం ఎవరిదో, రాత్రిపూట ఎవరిదో, ఆయన ఫోన్ ఎత్తకపోతే ఎవరిదో ఒక పేజీలో రాయించుకోండి. నెలకొకసారి గడియారం పట్టుకుని ఉత్తుత్తి కాల్ చేసి చూడండి. మొదటిసారి చేసినప్పుడు వచ్చే అంకె చూసి గుండె జారుతుంది. అందుకే చేయాలి.

పౌరుల వైపు మూడు వలయాలు

యూనిఫాం వేసుకున్నవాళ్ళకి బయటివాళ్ళందరూ ‘సివిలియన్లు’ అనే ఒక్క ముద్దగా కనిపిస్తారు. ఈ పొరపాటు ఎంత ఖరీదైనదో తర్వాత గాని తెలియదు.

మొదటి వలయం మిషన్ లోపలి విభాగాలు. సివిల్ అఫైర్స్, మానవ హక్కులు, రాజకీయ వ్యవహారాలు, బాలల రక్షణ, యూఎన్ పోలీసులు, మందుపాతరలు తీసేవాళ్ళు. వీళ్ళూ మీరూ ఒకే ప్రత్యేక ప్రతినిధి కింద. అయినా సెక్టార్ కమాండర్ వీళ్ళకి ఆర్డర్ ఇవ్వలేరు. ఫీల్డ్ ఆఫీసులో ఉమ్మడి ప్రణాళిక మీటింగులో కూర్చుని పని పంచుకోవాలి.

రెండోది యూఎన్ ఏజెన్సీలు: ఆహార కార్యక్రమం, శరణార్థుల సంస్థ, యూనిసెఫ్. వీళ్ళకి సొంత అధిపతులు, సొంత బడ్జెట్లు. వీళ్ళతో సైన్యం మాట్లాడే దారి ఓచా, అంటే మానవతా సహాయాన్ని సమన్వయం చేసే యూఎన్ కార్యాలయం. ఓచాలో సైన్యంతో వ్యవహరించడానికే ఒక అధికారి ఉంటారు. ఆ అధికారిని మొదటి రోజే కలవండి.

మూడో వలయంలో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ, ఎంఎస్ఎఫ్ (సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ), మిగతా ఎన్జీవోలు. వీళ్ళు యూఎన్ కాదు. పోరాడే వర్గాల మధ్య గీతకు రెండువైపులా తిరగగలగడమే వీళ్ళ భద్రత. మీ తెల్ల ఏపీసీ వాళ్ళ ఆస్పత్రి గేటు ముందు అరగంట ఆగి ఉంటే, మర్నాడు ఇంకో వర్గం వాళ్ళని యూఎన్ గూఢచారులంటుంది. అందుకే కొన్ని పట్టింపులు. వాళ్ళ కాంపౌండ్లోకి ఆయుధంతో వెళ్ళొద్దు. మీ క్యాంపులో మీటింగు పెట్టి రమ్మనొద్దు. ఓచా ఆఫీసులోనో, ఇంకో తటస్థ చోటనో కలవండి. వాళ్ళు ఎవరికి సాయం చేస్తున్నారో ఆ జాబితాలు అడగొద్దు. వాళ్ళ వాహనం ఎక్కొద్దు, లిఫ్టు ఇచ్చినా సరే. బ్రీఫింగులో ‘మన ఎన్జీవోలు’ అనొద్దు. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఆ ఒక్క మాటకు మీటింగు మధ్యలో లేచి వెళ్ళిపోయేవాళ్ళుంటారు, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది.

ఎస్కార్ట్ అడిగినప్పుడు

సాయం లారీలకు సాయుధ రక్షణ అన్నది ఆఖరి మార్గం. ఇది మానవతా సంస్థలే పెట్టుకున్న నియమం. కాబట్టి అభ్యర్థన వచ్చిందంటే మిగతా దారులన్నీ మూసుకుపోయాయనే అనుకోండి, ‘మీకు మేం కావాలా ఇప్పుడు?’ అన్నట్టు మాట్లాడకండి. అభ్యర్థన ఓచా ద్వారా ఫారం మీద రావాలి. ఎన్ని వాహనాలు, ఎంత బరువు, ఏ దారి, ఎక్కడ రాత్రి బస, డ్రైవర్లు స్థానికులా, ఏ వర్గం వాళ్ళు అన్నది తెలియాలి. ఈ చివరి ప్రశ్న ఇబ్బందిగా ఉన్నా అడగాల్సిందే. ఒక తెగ డ్రైవర్‌ని ఇంకో తెగ చెక్‌పోస్టు గుండా తీసుకెళ్తున్నారని దారిలో తెలుసుకుంటే లాభం లేదు.

దక్షిణ సూడాన్‌లో చాలా చోట్ల నేల నల్లరేగడి. వానాకాలం ఆ నేలలో చక్రం దిగితే ఏమవుతుందో గుంటూరు, కర్నూలు వైపు పొలాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ వానలు సుమారుగా మే నుంచి అక్టోబరు దాకా. ఆ నెలల్లో కాన్వాయ్ ప్లానంతా బురద చుట్టూ తిరుగుతుంది. మూడు లెక్కలు తప్పకుండా వేయండి. అన్నిటికంటే నెమ్మదిగా వెళ్ళే లారీ వేగమే కాన్వాయ్ వేగం. రికవరీ వాహనం చివర్లో ఉండాలి, మధ్యలో కాదు, లేకపోతే వెనక దిగబడిన లారీ దగ్గరికి అది రాలేదు. ఇంధనం, నీళ్ళు, తిండి మీ మనుషులకే కాదు, డ్రైవర్లకు కూడా చూసుకోవాలి, అనుకున్న రోజులకు రెట్టింపు.

బయల్దేరే ముందు పది నిమిషాల బ్రీఫింగులో డ్రైవర్లతో తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: వెనక్కి తిరగాలన్న నిర్ణయం ఎవరిది? రక్షణ విషయంలో ఎస్కార్ట్ కమాండర్ మాటే చివరిది. సరుకు వదిలేయాలా, ముందుకు వెళ్ళాలా అన్నది సంస్థ ప్రతినిధి మాట. దాడి జరుగుతుంటే ఈ చర్చ పెట్టుకోలేరు. సైనికులు సహాయ సంస్థ లారీల్లో ఎక్కకూడదు, వాళ్ళ లారీల్లో ఆయుధాలు పెట్టకూడదు. డబ్బు అడిగే చెక్‌పోస్టు దగ్గర ఎస్కార్ట్ కమాండర్ కిందికి దిగి మాట్లాడాలి. డ్రైవర్‌ను ముందుకు నెట్టకూడదు.

ఊళ్ళోకి ఉమ్మడి బృందం

పౌరుల రక్షణలో ఎక్కువ పని గొడవ మొదలవకముందే ఉంటుంది. దానికి పనికొచ్చేది ఉమ్మడి రక్షణ బృందం. కాంగోలో పుట్టిన పద్ధతి ఇది: సివిల్ అఫైర్స్, మానవ హక్కులు, బాలల రక్షణ నుంచి కొందరు, వెంట సైనికుల ప్లాటూన్, కలిసి ఊరికి వెళ్ళి మూడు నాలుగు రోజులు ఉండటం. అక్కడే 2010 తర్వాత స్థానికుల్లోంచి కమ్యూనిటీ లైజాన్ అసిస్టెంట్లను తీసుకుని బేస్‌ల దగ్గర పెట్టారు. ఊరికీ బెటాలియన్‌కీ మధ్య భాష, నమ్మకం రెండూ వాళ్ళే. మీకు అలాంటి అసిస్టెంటు ఉంటే వాళ్ళని దుబాసీగా మాత్రమే వాడుకోవడం పెద్ద వృథా.

ఊళ్ళో కూర్చునే తీరు చెప్పాలి, ఎందుకంటే పాడయ్యేది అక్కడే. వాహనాలు చెట్టు కింద గుంపుగా కాకుండా ఊరి అంచున, బయటికి తిరిగి ఉండేలా పెట్టండి. కాపలా వలయం బయటికి చూస్తుండాలి, మీటింగు వైపు తుపాకీ మొన తిరగకూడదు. మాట్లాడే అధికారి హెల్మెట్ తీసి, పెద్దమనుషులు నేల మీద కూర్చుంటే నేల మీదే కూర్చోవాలి. దుబాసీ మీ పక్కన, అర అడుగు వెనక. చూపు పెద్దాయన మీద ఉండాలి, దుబాసీ మీద కాదు. రెండు వాక్యాలు చెప్పి ఆగండి. దుబాసీ ఏ వర్గమో ముందే కనుక్కోండి. దక్షిణ సూడాన్‌లో ఒకరంటే ఒకరికి పడని తెగలు న్యూయెర్, డింకా; న్యూయెర్ ఊళ్ళో డింకా దుబాసీని కూర్చోబెడితే మర్యాదగా పలకరిస్తారు, టీ ఇస్తారు, నిజం మాత్రం చెప్పరు.

ఆడవాళ్ళతో వేరే చోట, మహిళా సైనికులు, మహిళా అధికారులు మాట్లాడాలి. బెటాలియన్లలో ఇప్పుడు ఎంగేజ్‌మెంట్ ప్లాటూన్లు వచ్చింది ఇందుకే. అడగాల్సిన ప్రశ్నలు చాలా మామూలువి. నీళ్ళకి ఎటు వెళ్తారు? కట్టెలకి ఏ రోజు వెళ్తారు, ఎన్ని గంటలకి బయల్దేరతారు, ఎంతమంది కలిసి? పోయిన వారం ఏ దారి మానేశారు? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు ఎన్నో నివేదికల కంటే విలువైనది. దక్షిణ సూడాన్ శిబిరాల చుట్టూ, కట్టెలకి వెళ్ళే ఆడవాళ్ళకి కాపలాగా కట్టెల పెట్రోల్స్ నడుస్తుంటాయి. అవి పనికిరాకుండా పోయే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: టైమును బెటాలియన్ ఆపరేషన్స్ గది పెట్టడం. పెట్రోల్ తొమ్మిదింటికి వెళ్తుంది, ఆడవాళ్ళు తెల్లవారుజామునే వెళ్ళిపోయి ఉంటారు. రిజిస్టరులో మాత్రం ‘పెట్రోల్ పూర్తయింది, సంఘటనలు లేవు’ అని ఉంటుంది.

ఎవరైనా లైంగిక దాడి గురించి చెబితే సైనికులు వివరాలు గుచ్చి గుచ్చి అడగకూడదు, పేరు రాసుకోకూడదు, ఫొటో తీయకూడదు. వినండి, వైద్యం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, మానవ హక్కుల విభాగానికి అప్పగించండి. ఇంటర్వ్యూ చేయడం వాళ్ళ వృత్తి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి కాబట్టి, దగ్గర్లో ఆ సేవ ఇచ్చే క్లినిక్ ఏదో కార్డు మీద రాసి ప్రతి పెట్రోల్ కమాండర్ దగ్గర ఉంచండి.

సమాచారం ఇచ్చినవాళ్ళ పేర్లు రోజువారీ నివేదికలో వద్దు. ఆ నివేదిక జేఓసీకి వెళ్ళేసరికి పదుల మంది చదువుతారు. ‘ఊరి తూర్పు చివర నివాసి’ అని కూడా రాయొద్దు. చిన్న ఊళ్ళో అది పేరు రాసినట్టే.

పంపు వేయడం తేలిక

సత్వర ప్రభావ ప్రాజెక్టులని మిషన్‌కి చిన్న నిధి ఉంటుంది. ఒక్కో ప్రాజెక్టుకు గరిష్ఠంగా 50,000 డాలర్లు, ఆరు నెలల్లో పూర్తి కావాలి. డబ్బు మిషన్‌ది, సాధారణంగా నిర్వహణ సివిల్ అఫైర్స్‌ది, ఊరి అవసరం తెచ్చేది తరచూ బెటాలియన్ సీమిక్ ఆఫీసరు. దరఖాస్తు రాసే ముందు అదే పని ఇంకెవరైనా చేస్తున్నారా అని ఓచా దగ్గర ఉండే పట్టిక చూడండి. నీటి పనులైతే నీటి సంస్థల సమన్వయ బృందానికి చెప్పండి.

చేతి పంపునే తీసుకుందాం. ఆఫ్రికాలో చాలా చోట్ల కనిపించేది మన ఇండియా మార్క్-2, మన ఊళ్ళలో బోరింగు అనేదే. బాగా పనిచేస్తుంది. కానీ లోపల సిలిండర్‌లోని కప్పు వాషర్లు అరిగినప్పుడు మార్చాలంటే మూడేసి మీటర్ల ఇనుప పైపులన్నీ పైకి లాగాలి. దానికి ప్రత్యేక పనిముట్లు, నలుగురు మనుషులు, నేర్చుకున్న మెకానిక్ కావాలి. రిబ్బన్ కత్తిరించిన ఫొటోలో ఇవేవీ కనిపించవు. ఏడాది తిరిగేసరికి పిడి ఊగుతుంది, నీళ్ళు రావు, ఊరివాళ్ళు ‘యూఎన్ పంపు’ అని వేలెత్తి చూపిస్తారు. అందుకని బడ్జెట్‌లోనే పనిముట్ల పెట్టె, రెండేళ్ళకు సరిపడా వాషర్లు, గొలుసు, బేరింగులు, ఇద్దరు మనుషులకు శిక్షణ రాయండి. వాళ్ళలో ఒకరైనా ఆడవాళ్ళు ఉంటే పంపు ఎక్కువ కాలం నడుస్తుంది, నీళ్ళు మోసేది వాళ్ళే కాబట్టి. తవ్వే ముందు ఆ స్థలం ఎవరిదో ఇద్దరు వేర్వేరు మనుషుల్ని అడగండి. రెండు పశువుల కాపరి వర్గాల మధ్య సరిహద్దు మీద నీళ్ళు పుట్టిస్తే మంచి చేసినట్టు కాదు.

మెడికల్ క్యాంపుల మీద మాకు అంత మోజు లేదు. ఒక్క పూట వచ్చి మాత్రలు పంచి వెళ్తే, ఆ ఊళ్ళో రోజూ కూర్చునే ఆరోగ్య కార్యకర్త విలువ పోతుంది, కోర్సు సగంలో ఆగిపోతుంది. ప్రాణాపాయ స్థితి అయితే సంగతి వేరు. పశువైద్యం మేలు. ఎగువ నైలు ప్రాంతంలో పశువులే ఆస్తి, కన్యాశుల్కం, పరువు. భారత కంటింజెంట్ల పశువైద్యులకు అక్కడ ఉన్న ఆదరణకు కారణం అదే. అక్కడా ఒక జాగ్రత్త: ఒక వర్గం మందలకు చికిత్స చేసి పక్క వర్గాన్ని వదిలేస్తే పక్షపాతం చూపినట్టే లెక్క.

బేస్ చుట్టుపక్కల వాళ్ళకి మీరు చేయగల అతి పెద్ద ఉపకారం బహుశా మీ మరుగుదొడ్లు సరిగ్గా ఉంచుకోవడం. 2010లో హైతీలో యూఎన్ క్యాంపు మురుగు ఆర్టిబోనీట్ నదిలోకి పారే వాగులో కలిసి కలరా వచ్చింది. సుమారు 10,000 మంది చనిపోయారు. 2016 డిసెంబరులో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. మరుగుగుంట నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి, అదీ వాలుకు దిగువన. మురుగు ట్యాంకర్ కాంట్రాక్టరు ఎక్కడ పారబోస్తున్నాడో నెలకొకసారి ఆ ట్యాంకర్ వెనకే వాహనంలో వెళ్ళి చూడండి. గేటు దగ్గర సంతకం పెట్టి పంపేస్తే తెలియదు.

గొడవ రోజు కోసం

జూబా లాంటి రోజు కోసం ఒక్క పేజీ చాలు, కానీ అది ఫోర్స్ కమాండర్, ప్రతి బెటాలియన్ కమాండర్, ఫీల్డ్ ఆఫీసు అధిపతి సంతకం చేసిన పేజీ అయి ఉండాలి. ఒకే బేస్‌లో పలు దేశాల దళాలుంటే ఇన్సిడెంట్ కమాండర్ ఎవరు, ఆయన అందకపోతే ఎవరు. క్విక్ రియాక్షన్ ప్లాటూన్ ఏ వారం ఏ దేశానిది, ఎన్ని నిమిషాల్లో గేటు దాటాలి. వేరే పనుల కోసం దాన్ని ముక్కలు చేయకూడదన్న మాట కూడా రాయండి. ‘మా మనుషులంతా డ్యూటీలో ఉన్నారు’ అనే జవాబు పుట్టేది రిజర్వును ముందే పంచేయడం వల్లే. రేడియో ఏ ఛానెల్. వేర్వేరు దేశాల సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడకపోతే లైజాన్ ఆఫీసర్లను అదనపు సెట్‌తో మార్చుకోవాలి. బయటి సంస్థల కాంపౌండ్లు ఎక్కడెక్కడున్నాయో గ్రిడ్లతో, ఒక్కోదానికి వెళ్ళే రెండు దారులతో మ్యాపు.

మాటతో ఇచ్చిన ఆదేశం చెల్లుతుందని, రాసిన కాగితం కోసం ఆగక్కర్లేదని అందులో ఒక వాక్యం ఉండాలి. ఆదేశం అందుకున్నవాళ్ళు దాన్ని తిరిగి చదివి వినిపించాలి, డ్యూటీ క్లర్కు టైము వేసి రాయాలి. ‘చూస్తాం’, ‘ప్రయత్నిస్తాం’ అన్నవి జవాబులు కావు. వెళ్తున్నాం లేదా వెళ్ళడం లేదు, ఈ రెండే. వెళ్ళడం లేదంటే ఆదేశాన్ని కాదన్నది ఎవరో పేరు, హోదా లాగ్‌లో పడాలి. ఆ లాగ్ ఉందని తెలిస్తేనే చాలా ఫోన్లు రాజధానికి పోకుండా ఆగిపోతాయి.

మూడు నెలలకోసారి ఆ పేజీని బల్ల మీద పరిచి సివిలియన్లతో కలిసి అభ్యాసం చేయండి. పది మంది, రెండు గంటలు, ఒక మ్యాపు. అభ్యాసం రోజు అసలు కమాండర్లే రావాలి, వాళ్ళ తరఫున కెప్టెన్లు కాదు.

వెళ్ళిపోయేటప్పుడు

బెటాలియన్లు ఆరు నెలలకో ఏడాదికో మారిపోతాయి. సివిల్ అఫైర్స్ అధికారి, లైజాన్ అసిస్టెంటు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు. ఊరివాళ్ళు ప్రతి కొత్త బెటాలియన్‌కీ అదే కథ మొదటి నుంచి చెప్పి విసిగిపోయి ఉంటారు. కొత్తవాళ్ళు దిగాక కనీసం వారం రోజులు ఇద్దరు సీమిక్ ఆఫీసర్లూ కలిసి తిరగాలి. ఫైలులో ఇవి ఉండాలి: ఎవరెవరిని కలిశారు, ఎవరికి ఏం మాటిచ్చారు, అందులో ఏది జరగలేదు, షరతుల పట్టిక, చెక్‌పోస్టుల లాగ్, క్లినిక్ కార్డు, కట్టెల పెట్రోల్ టైములు ఎవరు చెబితే పెట్టినవి, ఏ ఊళ్ళో ఏ పంపు ఆగిపోయి ఉంది, దాని పనిముట్ల పెట్టె తాళంచెవి ఎవరింట్లో ఉంది.